దేవమణమ్మ సాక్ష్యం, కృపానిధి కారు

కృపానిధికి కూర్చోవడం చేతకాదు. నా కొట్టుకి వచ్చినప్పుడు బెంచీ ఖాళీగా ఉన్నా దాని వైపు చూడడు. పప్పుల డబ్బాల మూతలు తీసి చూస్తాడు, త్రాసు పళ్ళెం వేలితో నొక్కి వదుల్తాడు, రోడ్డు మీద పోయే ప్రతి బండికీ మెడ తిప్పుతాడు. అన్నం కూడా నిలబడే తింటాడని వాళ్ళావిడ మెర్సీ తలకొట్టుకుంటుంది. కళింగపట్నం బళ్ళో మా ఇద్దరిదీ ఒకే బల్ల. ఆ బల్ల మీద అతనికంటే అతని పుస్తకాల సంచీయే ఎక్కువసేపు కూర్చుంది. అతను కుదురుగా కూర్చునేది డ్రైవరు సీట్లో మాత్రమే. అక్కడ ఎక్కితే విశాఖపట్నం దాకా వీపు కదపకుండా వెళ్ళొచ్చేవాడు.

నా పేరు నగరేశ్వరరావు. మాది తాతల నాటి కిరాణా కొట్టు. కృపానిధి వాళ్ళది బాప్టిస్టు చర్చి వెనక వీధి. వాళ్ళ నాన్న మిషను బళ్ళో ప్యూను. కృపానిధి చదువు పదో తరగతితో ఆపి స్టీరింగు పట్టుకున్నాడు. చేపల వ్యానులు తోలాడు, కాన్వెంటు బస్సు తోలాడు, టెక్కలిలో ఒక డాక్టరు గారి కారు తోలాడు. ఎప్పుడూ ఇంకొకరి తాళాలే. జుట్టు నెరిసే వయసుకి ఒక సెకండ్ హ్యాండు కారు కొని, పసుపు బోర్డు వేయించి, ముందు అద్దం మీద కీర్తనలోని వాక్యం ఒకటి అంటించుకున్నాడు. ఆ రోజు నా కొట్టు ముందు ఆపి హారను కొట్టిన కొట్టుడుకి మా ఆవిడ సూర్యకాంతం చేతిలో చింతపండు జారవిడిచింది.

మనిషి మంచివాడు. మంచివాడితో స్నేహం చేస్తే ఎంత ఒళ్ళు మండుతుందో నన్నడగండి. ఎవరి మాటా కాదనడు. ముందే ఒప్పుకున్న కిరాయి అయినా, దిగేటప్పుడు ఎవరైనా కాస్త మొహం మాడ్చుకుంటే చాలు, తగ్గించేస్తాడు. పెద్దవాళ్ళు తప్పు దారి చెప్పినా ఆ దారినే తోలి, చివర్న నెమ్మదిగా వెనక్కి తిప్పుకొస్తాడు. "ఎందుకురా?" అంటే, "పెద్దాయన సెప్పినాడు గదా సావుకారూ, ఎలగ కాదంతాం?" అంటాడు. ఈ గుణమే అతని కొంప ముంచింది. వంశధార ముంచింది దాంతో పోలిస్తే తక్కువే.

ఆ ఏడు వానాకాలంలో పైన ఒడిశాలో వానలు దంచి కొట్టి వంశధార గట్లు దాటింది. మైకులో ఊరంతా హెచ్చరించారు. పల్లపు వీధి వాళ్ళందరూ తుఫాను షెల్టరుకి వెళ్ళిపోయారు, దేవమణమ్మ తప్ప. దేవమణమ్మ చర్చి ఊడ్చి గంట కొట్టే మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, మోకాళ్ళు పనిచెయ్యవు. కృపానిధికి చుట్టరికమేమీ లేదు గానీ పిన్నీ అని పిలుస్తాడు. ఎవరూ చెప్పకుండానే కారేసుకుని పోయి ఆవిణ్ణి వెనక సీట్లో ఎక్కించుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు కల్వర్టు దగ్గర నీళ్ళు బంపరు దాకా వచ్చాయి. నీళ్ళు మింగి ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

తరవాత జరిగింది నేను కళ్ళారా చూశాను, ఎందుకంటే అందులో నా భుజం కూడా ఉంది. కృపానిధి తాళం మళ్ళీ ముట్టుకోలేదు. నీళ్ళలో ఆగిన ఇంజన్ని మళ్ళీ తిప్పకూడదని ముప్ఫయ్యేళ్ళు బళ్ళు తోలినవాడికి ఒకరు చెప్పాలా? దిగి, కల్వర్టు అవతలే ఉన్న నా కొట్టు వైపు కేకేశాడు. మా కొట్లో బస్తాలు దించే సోములునీ నన్నూ వెనక నుంచి తొయ్యమన్నాడు. తను బయటే నడుస్తూ, కిటికీలోంచి ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి, రెండో భుజం తలుపుకి ఆనించాడు. లోపల దేవమణమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, మా ఎగశ్వాస కంటే బిగ్గరగా ప్రార్థన చేస్తోంది. నా చెప్పు ఒకటి అక్కడే కొట్టుకుపోయింది. మొత్తానికి షెల్టరు మెట్ల దాకా తోశాం. ఆవిణ్ణి దింపాం. కారుని అక్కడే వదిలి మేమూ పైకెక్కాం. సాయంత్రానికి నీళ్ళు సీట్ల దాకా వచ్చాయి.

ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు వచ్చాడు, పాపం మర్యాదస్థుడే. ఫొటోలు తీసుకున్నాడు, అడిగినవి రాసుకున్నాడు, వరద నష్టమే కాబట్టి వస్తుందన్నాడు. కృపానిధి అతని నెంబరు ఫోన్లో వేసుకున్నాడు. అంతవరకూ అంతా సవ్యంగానే ఉంది.

ఇక్కడ వాళ్ళ చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తనకి చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్ళు లేచి నిలబడి చెబుతారు. జ్వరం తగ్గిందనీ, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనీ, తప్పిపోయిన గేదె దొరికిందనీ. చెప్పేటప్పుడు కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ దిద్దరు. సాక్ష్యాన్ని దిద్దడమంటే దేవుడి మేలుకి తూకం వెయ్యడమని వాళ్ళ లెక్క. వినేవాళ్ళ పని ఆమెన్ అనడమే. దేవమణమ్మ అన్నేళ్ళుగా ఆ చర్చి ఊడ్చింది గానీ ఒక్కసారీ సాక్ష్యానికి లేవలేదు. నీళ్ళు తీసిన తరవాతి ఆదివారం లేచింది.

"బండి నీళ్ళలో ఆగిపోనాది," అందట. "నా బిడ్డ కృపానిధి తాళం తిప్పినాడు, లెగలేదు. మళ్ళీ తిప్పినాడు, లెగలేదు. నాను పెబువా, నీ దాసురాల్ని ఒగ్గీకు అని ఏడిసినాను. మూడోసారి తిప్పినాడు సూడండి, గుర్రం లెగిసినట్టు లెగిసినాది! నీళ్ళు అటూ ఇటూ సీలిపోనాయి!"

చర్చి అదిరిపోయింది. ముందు వరసలో కృపానిధి రెండు చేతులూ ఎత్తి, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. కుర్రాళ్ళు ప్రతి ఆదివారం ఆరాధన వీడియో తీసి యూట్యూబులో పెడతారు. అందులో ఇతని ఎత్తిన చేతులూ, నవ్వుతున్న మొహమూ పెద్దగా పడ్డాయి. సాయంత్రం కృపానిధి అలవాటుగా ఆ వీడియోని తన ఫోన్లో ఉన్న ప్రతి నెంబరుకీ పంపాడు. పుణ్యకార్యం కదా, వివక్ష ఎందుకని సర్వేయరుకీ పంపాడు.

నాకూ వచ్చింది. చూసి అరికాలి మంట నెత్తికెక్కింది. నన్నూ సోములునీ చరిత్రలోంచి తీసేశారు! మర్నాడు కొట్టుకి రాగానే పట్టుకున్నాను.

"ఒరే, నా భుజం ఇంకా వాచే ఉన్నాది. గుర్రమేటి, లెగడమేటి? నువ్వు ఆమెనంటావేటి?"

"ఓర్నాయనో, పెద్దావిడ మొదటిసారి లెగిసినాది సావుకారూ. అంతమందిలో నాను లెగిసి, పిన్నీ, అది దేవుడు కాదు, కోమటి నగరేశ్వరరావు అనాలేటి?"

నాకూ నవ్వొచ్చింది. కంపెనీ ఉత్తరం వచ్చేదాకా ఇద్దరం నవ్వుకున్నాం.

ఉత్తరంలో విషయం సూటిగానే ఉంది. సీట్లకీ వైరింగుకీ ఇస్తాం. ఇంజనుకి ఇవ్వం. నీళ్ళలో ఆగిపోయిన ఇంజన్ని యజమాని పదేపదే స్టార్టు చేశాడు, అందువల్లే లోపలి రాడ్లు వంగిపోయాయి, అది వరద చేసిన నష్టం కాదు, యజమాని చేజేతులా చేసుకున్నది. అందుకు ఆధారం: యజమాని స్వయంగా పంపిన వీడియో.

ఆ రోజు నుంచి కృపానిధి కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. ఇంజను లేకపోతే కారు తుక్కే. తుక్కయితే యాభై దాటిన వయసులో మళ్ళీ ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి తాళాలు అడుక్కోవాలి. కారుని ఇంటి ముందు నీలం పట్టా కింద ఉంచాడు. పొద్దున్న లేవగానే పట్టా ఎత్తి చూసేవాడు, మళ్ళీ కప్పేవాడు, మళ్ళీ ఎత్తేవాడు. శ్రీకాకుళం ఆఫీసుకి వెళ్ళాడు. వాళ్ళు విశాఖ వెళ్ళమన్నారు. విశాఖలో ఏసీ గదిలో ఒక కుర్రాఫీసరు కంప్యూటరు తెర ఇతని వైపు తిప్పి ఆ వీడియోనే వేశాడు. "ఇది మీరే కదండీ?" అని అడిగాడు. నేనూ పక్కనే ఉన్నాను. తెర మీద ఇతను చేతులెత్తి మెరిసిపోతున్నాడు. కుర్చీ ముందు ఇతను చెమటలు కక్కుతున్నాడు.

"ఆవిడ పొరపడింది బాబూ, కారు తోసింది నేను," అన్నాను. "మీరు ఆయనకి ఏమవుతారు?" అన్నాడు. స్నేహితుణ్ణన్నాను. "అదీ సంగతి," అన్నట్టు చూశాడు. ఆ చూపుకి నేను ఆ బల్ల మీది పేపరు వెయిటుతో ఏం చెయ్యాలనుకున్నానో ఇక్కడ రాయను.

ఈలోగా దేవమణమ్మ దశ తిరిగింది. ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. పాతపట్నం చర్చి వాళ్ళు సభలకి పిలిచారు. చీపురుపల్లి వాళ్ళు స్టేషనుకి మనిషిని పంపి తీసుకెళ్ళారు. స్టేజీ మీద కుర్చీ వేశారు, చేతికి మైకిచ్చారు, తెల్ల చీర పెట్టారు. నిన్నటిదాకా ఎవరూ పేరు పెట్టి పిలవని మనిషిని ఇప్పుడు అమ్మగారూ అంటున్నారు. మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయి, చీపురు పట్టుకున్నా ఠీవిగా పట్టుకుంటోంది. తన సాక్ష్యం కృపానిధి మెడకి చుట్టుకుందని ఆవిడకి తెలీదు. చెప్పొద్దని అతను చర్చిలో అందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

చివరికి శ్రీకాకుళం వినియోగదారుల కమిషనులో కేసు వేశాం. వకీలు నరసింగరావు గారు నా అఫిడవిట్టూ సోములు అఫిడవిట్టూ పెట్టారు. కంపెనీ వకీలు వీడియో పెట్టాడు. రెండూ చూసి కమిషను అధ్యక్షురాలు, ఆ పెద్దావిణ్ణే పిలిపించండి, నేనే అడుగుతానంది.

నరసింగరావు గారు మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, "ఇది మన అదృష్టం," అన్నారు. "ఆవిడ అబద్ధం చెప్పానని ఒప్పుకోనక్కర్లేదు. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాను, బండి కదిలితే ఇంజనే లేచిందనుకున్నాను అంటే చాలు. అది నిజం కూడాను. ముందుగా ఆవిడకి సంగతంతా చెప్పండి. చెప్పకుండా తీసుకొస్తే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు."

చెప్పాలి. అంతే కదా. కృపానిధి సాయంత్రం చర్చికి వెళ్ళాడు. ఆవిడ బల్లలు తుడుస్తుంటే తనూ గుడ్డ పట్టుకుని బల్లలన్నీ తుడిచి వచ్చేశాడు. ఇంకోరోజు మోకాళ్ళ నూనె పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేశాడు. మరోసారి సగం దారిలోంచి తిరిగొచ్చి నా కొట్టు ముందు అటూ ఇటూ నడిచాడు.

"ఏటి సెప్పినావా?" అన్నాను.

"నేదు. చీపురుపల్లిలో తనకి వేసిన కుర్చీ గురించి సెప్తన్నాది. ఎర్ర కుర్చీ అట, మెత్తగా ఉన్నాదట. మజ్జిలో ఎలగ ఆపుతాను?"

"ఆపకపోతే నీ కారు తుక్కురా!"

"తెలుసు సావుకారూ, నాకు తెలీదేటి?" అని మొదటిసారి నా మీద అరిచాడు. అరిచి, తనే బెదిరిపోయి, జీడిపప్పు డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టాడు.

మెర్సీ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. రాత్రిళ్ళు నిద్రపోవట్లేదనీ, వాకిట్లో తిరుగుతూనే ఉంటున్నాడనీ చెప్పింది. ఇంక లాభం లేదు, నేనే వెళ్ళి చెప్పేస్తాననుకున్నాను. ఊళ్ళో నా నోటికి అదుపు లేదని పేరు. ఆ పేరు ఇన్నాళ్ళకి ఒక మంచి పనికి వస్తుందనుకుని దేవమణమ్మ ఇంటికి వెళ్ళాను.

వరద మరక గోడ మీద ఇంకా ఉంది. ఆవిడ పీట వేసింది, బెల్లం టీ ఇచ్చింది. నేను గొంతు సవరించుకునేలోపే అంది: "నగరేశ్వర్రావు బాబూ, నా మొగుడుండగా కూడా నా మాట ఒక్కరు ఇన్నారేటి? నాను మాటాడితే లెగిసెల్లిపోయేవోరు. ఇప్పుడు నాను నోరిప్పితే జనం కళ్ళంట నీళ్ళెట్టుకుంతన్నారు. దేవుడు నాకీ ముసలితనాన ఒక మాట ఇచ్చినాడు. ఇంకేటి కావాల?"

టీ తాగాను. బాగుందమ్మా అన్నాను. లేచి వచ్చేశాను. కృపానిధిని అన్ని తిట్లు తిట్టినవాణ్ణి, ఆవిడ గుమ్మం దాటాక నన్ను నేను అంతకంటే పెద్దవే తిట్టుకున్నాను. అయినా వెనక్కి వెళ్ళలేదు.

వాయిదా రోజు దేవమణమ్మ తెల్ల చీర కట్టుకుని మా ఇద్దరి మధ్య బస్సులో కూర్చుంది. కోర్టువారే తన సాక్ష్యం వింటామన్నారని ఆవిడకి చెప్పిన మాట అదొక్కటే. దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉంది. కృపానిధి కూర్చోకుండా కడ్డీ పట్టుకుని వేలాడుతూ వచ్చాడు. దిగాక అతన్ని పక్కకి లాగి, "ఇప్పుడైనా సెప్పరా," అన్నాను. ఆవిడ వైపు రెండడుగులు వేశాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఎలగున్నాను నాన్నా?" అంది. "బాగున్నావు పిన్నీ," అన్నాడు.

అధ్యక్షురాలు మెత్తగా మాట్లాడే మనిషి. దేవమణమ్మకి కుర్చీ వేయించింది. వీడియో వేయించింది. తన గొంతు తనే వింటూ దేవమణమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇందులో చెప్పింది మీరే కదమ్మా?"

"నానే తల్లీ."

"కారు ఆగినప్పుడు కృపానిధి గారు ఎక్కడున్నారు?"

"ఎక్కడుంతాడు తల్లీ, డ్రైవరు సీట్లోనే."

కంపెనీ వకీలు తన కాగితాలు సర్దుకోవడం మొదలెట్టాడు. అధ్యక్షురాలు ముందుకి వంగి అడిగింది. "ప్రార్థన చేసేటప్పుడు మామూలుగా కళ్ళు మూసుకుంటారు కదమ్మా. ఆ రోజు మూసుకున్నారా, తెరిచి ఉంచారా? బాగా ఆలోచించి చెప్పండి."

ఇంతకంటే తలుపు ఎవరు తెరుస్తారు? నేను మా కన్యకా పరమేశ్వరికి మొక్కాను, వాళ్ళ ప్రభువుకీ మొక్కాను.

"ఎప్పుడూ మూసుకుంతాను తల్లీ," అంది దేవమణమ్మ. "ఆ రోజు మాత్రం మూసుకోనేదు. దేవుడు సేసిన పని సూడాలి గదా. ఈ కళ్ళతోనే సూసినాను. మూడుసార్లు తిప్పినాడు."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. అన్ని ఊళ్ళలో అన్నిసార్లు చెప్పాక ఆవిడ నిజంగానే చూసింది. అధ్యక్షురాలు కృపానిధి వైపు తిరిగింది. "ఆవిడ చెప్పింది తప్పంటారా? తప్పయితే ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను."

కృపానిధి రెండు చేతులతో ముందున్న బల్ల పట్టుకున్నాడు. నా జీవితంలో అతను అంతసేపు కదలకుండా నిలబడటం చూడలేదు. దేవమణమ్మ కుర్చీలోంచి అతని వైపే చూస్తోంది, నవ్వుతూ, సెప్పు బిడ్డా అన్నట్టు.

"పెద్దావిడండి," అన్నాడు. "ఆవిడ మాట నాను కాదననండి."

తీర్పు కాగితం తరవాత ఎప్పుడో వచ్చింది. సీట్లకీ వైర్లకీ ఇచ్చారు, ఇంజనుకి ఇవ్వలేదు. పైకోర్టుకి వెళదామంటే కృపానిధి వినలేదు. కారుని ఆమదాలవలస తుక్కు వ్యాపారి ట్రాక్టరుకి కట్టి లాక్కుపోయాడు. కృపానిధి ఇప్పుడు ఒక పెళ్ళిళ్ళ కాంట్రాక్టరు దగ్గర వ్యాను తోలుతున్నాడు. రాత్రి పని అయ్యాక తాళాలు వాళ్ళ గోడ మేకుకి తగిలించి ఇంటికి నడిచి వస్తాడు.

కానీ ఆ రోజు గదిలోంచి బయటికి వచ్చేసరికే సంగతి తేలిపోయింది. నరసింగరావు గారు మా వైపు చూడకుండా వెళ్ళిపోయారు. ఎదురుగా టీ బడ్డీ దగ్గర నిలబడ్డాం. దేవమణమ్మ అలసిపోయి, సంతోషంగా, బడ్డీవాడి స్టూలు మీద కూర్చుంది.

"నాన్నా," అంది, "ఆ కంపెనీ వకీలు నవ్వినాడు గదా, అదేటి? నా సాక్ష్యం నీకు పనికొచ్చినాదా, నేదా?"

నేను నోరు తెరిచాను. ఏడాదిన్నరగా మింగుతున్నదంతా నాలిక మీదకి వచ్చింది. కృపానిధి వేడి టీ గ్లాసు నా చేతిలో పెట్టి, నా వేళ్ళని దాని చుట్టూ గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"నువ్వు సెప్పకపోతే నాకెవరున్నారు పిన్నీ?" అన్నాడు. "పనికొచ్చినాది."

"అయితే ఆదివారం ఇది కూడా సెప్తాను. కోర్టులో దేవుడు నా నోట మాట ఎట్టినాడని."

"సెప్పు పిన్నీ. తప్పకుండా సెప్పు."

వేళ్ళు కాలుతున్నా గ్లాసు కింద పెట్టలేదు. నాకు ఏడుపొచ్చింది. అది కోపంతో వచ్చిన ఏడుపని మెర్సీకి ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను, ఆవిడ నమ్మదు.